గురువారం గోళ్ళు

ఫ్యాక్టరీ వెనక వీధి, మేడ మీది గది

అమ్మమ్మకి నమస్కారాలు.

నెలకో ఉత్తరం రాయాలన్న నీ షరతు మర్చిపోలేదు. ఈసారి చెప్పడానికి నిజంగానే సంగతి ఉంది. మా ఐస్‌క్రీమ్ ఫ్యాక్టరీలో శుభ్రత తనిఖీ మొత్తం నా చేతికి ఇచ్చారు. ఇన్నాళ్ళూ ఇంకొకరు చెప్పిన చోట దూదిపుల్లతో తుడిచి, సీసాలో పెట్టి, ల్యాబుకి పంపడమే నా పని. ఇప్పుడు ఎక్కడ తుడవాలో, ఎప్పుడు తుడవాలో, ఏడాది చివరికి ఎక్కడికి చేరాలో నేనే నిర్ణయించాలి. పనివాళ్ళు అప్పుడే నాకు దూదిపుల్లమ్మ అని పేరు పెట్టేశారు. కడిగే టీముకి పెద్ద ఒకాయన ఉన్నాడు. భుజం మీద ఎప్పుడూ నీళ్ళ గొట్టమే కాబట్టి అందరూ గొట్టం బాబాయ్ అంటారు. నేను కనపడగానే నేలవైపు చూసి, "ఊపిరి బిగబట్టు నేల తల్లీ, దూదిపుల్లమ్మ గారొచ్చారు" అంటాడు.

మేనేజరు గారు లక్ష్యాలు రాసుకు రమ్మన్నారు. నేల మీద, కాలువల దగ్గర, మిషన్ల కింద తుడిచినప్పుడు ఒక్కోసారి చెడ్డ సూక్ష్మజీవి దొరుకుతుంది. అది తిండిలోకి చేరకముందే పట్టుకోవాలనే ఈ తనిఖీ. నెలకి తొమ్మిది, పది చోట్ల దొరికేది. ఏడాది చివరికి దాన్ని సున్నా చేస్తానని రాశాను. మేనేజరు గారు చదివి, "లక్ష్యమంటే ఇలా ఉండాలి" అన్నారు. క్యాంటీన్ గోడకి బోర్డు పెట్టించాను. ఏమీ దొరక్కుండా గడిచిన రోజుల లెక్క దాని మీద రాస్తాం. మూడు నెలలు నిలబెడితే కడిగే టీముకి రెండు రోజులు అదనపు సెలవు. అది కూడా నా ఆలోచనే.

ఐదో నెల వచ్చినా అక్కకి ఏదీ సయించడం లేదన్నావుగా. చల్లనిదైతే లోపలికి పోతుందని ఫోన్లో అంది. మా వ్యాన్ డ్రైవరు మీ వీధి మీదుగానే సరుకు తీసుకెళ్తాడు. ఆయనతో ఐస్‌క్రీమ్ డబ్బాలు పంపుతున్నాను. బావని వాటి జోలికి రానివ్వకు.

నీ చిన్నది

*

ముందుగది, కిటికీ పక్క బల్ల

చిరంజీవి చిన్నదానికి అమ్మమ్మ దీవెనలు.

డబ్బాలు ఆరు అందాయి. ఒకదాని మూత వదులుగా ఉంది. దాన్ని మీ బావకి ఇచ్చేశాను. మిగిలినవి మీ అక్కకి రోజుకి ఒక గిన్నెడు చొప్పున నేనే పెడుతున్నాను. నేను పెట్టకపోతే డబ్బాతో సహా మంచమెక్కుతుంది.

ఫోను ఉండగా ఉత్తరాలెందుకని బావ నవ్వుతున్నాడు. ఫోన్లో నువ్వు "అంతా బాగానే ఉంది" అని పెట్టేస్తావు. ఆ ఒక్క వాక్యం కాగితం మీద రాసి పంపాలంటే నీకే సిగ్గేస్తుంది. అందుకు.

పెద్ద పని అప్పగించినందుకు సంతోషం. నీ లక్ష్యాన్ని రెండుసార్లు చదివాను. రెండోసారి నచ్చలేదు. దొరకడం తగ్గాలంటున్నావు. ఉండటం తగ్గాలా, దొరకడం తగ్గాలా? రెండూ ఒకటే అనుకుని రాసినట్టున్నావు. ముప్పై ఏళ్ళకు పైగా బడి నడిపినదాన్ని. ఒక్కరు కూడా ఫెయిలవని పరీక్ష వచ్చినప్పుడల్లా మొదట ప్రశ్నపత్రం తెప్పించుకుని చూసేదాన్ని. పిల్లల్ని మెచ్చుకోవడం ఆ తర్వాత.

ఇంకొకటి. సూక్ష్మజీవి అన్నావు, దానికి పేరుంటుంది కదా. అది మనిషిని ఏం చేస్తుందో కూడా రాయలేదు. రాయి.

అమ్మమ్మ

*

ఫ్యాక్టరీ వెనక వీధి, మేడ మీది గది

అమ్మమ్మకి నమస్కారాలు.

నీ ప్రశ్నపత్రం మాట చదివి రెండు రోజులు నీ మీద కోపంగా ఉన్నాను. ఇప్పుడు లేదు, ఎందుకంటే సున్నా వచ్చేసింది. ఏడాది చివరికి అనుకున్నది రెండో నెలకే వచ్చింది. క్యాంటీన్లో కేకు కోశారు. గొట్టం బాబాయ్ మొదటి ముక్క నాకు పెట్టి, "ఇన్నాళ్ళూ మమ్మల్ని దొంగల్లా చూశావు, ఇప్పుడు తిను" అన్నాడు. సెలవు రోజుల్లో మనవడి ఆటల పోటీలకి వెళ్తాడట. ఇప్పటి నుంచే చొక్కా ఇస్త్రీ చేయించి పెట్టుకున్నాడు.

ఒక చిన్న మార్పు చేశాను. ఇదివరకు పని జరుగుతుండగా మధ్యలో తుడిచేవాళ్ళం. అందుకోసం డబ్బాలు నింపే మిషను ఆపాల్సి వచ్చేది, ఆ సెక్షన్ వాళ్ళు గొణిగేవాళ్ళు. ఇప్పుడు కడగడం అవగానే, మిషను మొదలెట్టకముందే తుడుస్తున్నాం. ఎవరికీ ఇబ్బంది లేదు.

నువ్వడిగిన పేరు లిస్టీరియా. చలికి చావదు, ఫ్రిజ్‌లో కూడా బతికేస్తుంది. తడి ఆరని సందు కనపడితే అక్కడ కాపురం పెడుతుంది. మనలాంటివాళ్ళని చాలావరకు ఏమీ చెయ్యదు. బలహీనంగా ఉన్నవాళ్ళకి ప్రమాదం. మిగతా సంగతులు నీకు అనవసరం, ఊరికే మనసు పాడుచేసుకుంటావు.

మళ్ళీ డబ్బాలు పంపుతున్నాను. ఈసారి మూతలన్నీ నేనే నొక్కి చూశాను.

నీ చిన్నది

*

ముందుగది, కిటికీ పక్క బల్ల

చిరంజీవి చిన్నదానికి దీవెనలు.

"మిగతా సంగతులు నీకు అనవసరం" అని రాశావు. అవసరమో కాదో చదివాక నేను చెబుతాను. ముందు రాయడం నేర్చుకో.

నీకో సంగతి చెప్పాలి. నేను ఆ బడికి వెళ్ళిన కొత్తలో ప్రతి సోమవారం పొద్దున పిల్లల గోళ్ళు చూసేవారు. వరసగా నిలబడి చేతులు చాపితే ఒక్క గోరు కింద మట్టి ఉండేది కాదు. రిజిస్టరు నిండా టిక్కులే. పిల్లలకి మాత్రం కడుపునొప్పులు తగ్గేవి కావు. ఆదివారం తల్లులు కూర్చోబెట్టి తోమి పంపుతారు, సోమవారం మనం చూసి మురిసిపోతాం. అందుకని నేను తనిఖీని గురువారం మధ్యాహ్నానికి, ఆటల పీరియడు తర్వాత అన్నానికి కూర్చునే ముందుకు మార్చాను. మొదటి గురువారం సగం క్లాసు గోళ్ళ కింద మట్టితో దొరికిపోయింది. "మేడమ్, బడి పరువు పోతుంది" అని టీచర్లు వచ్చారు. "పిల్లలు అన్నం తినేది ఆదివారం కడుక్కున్న చేతులతో కాదు, ఈ చేతులతో" అన్నాను. ఆ ఏడాదే భోజనాల వరండా పక్కన కుళాయిలు పెట్టించాం. సోమవారం లెక్కే నమ్ముకుని ఉంటే ఆ కుళాయిలు ఎప్పటికీ వచ్చేవి కావు.

నువ్వు తుడుస్తున్నది సోమవారమా, గురువారమా?

మీ అక్క కులాసా. ఎనిమిదో నెల నడుస్తోంది. డబ్బా మూత తీయగానే లోపల తంతోందట. మీ బావ ఆఫీసు నుంచి వచ్చి, చెయ్యి కడుక్కోకుండానే ఆ తన్ను చూద్దామని కూర్చుంటాడు. కడుక్కురమ్మని రోజూ నేను లేపుతాను.

అమ్మమ్మ

*

మేడ మీది గది

అమ్మమ్మా,

డబ్బాలు ఇక అక్కకి పెట్టకు. ఉన్నవి పారెయ్యి. ఈ నెలల్లో అంత చల్లనిది మంచిది కాదు, జలుబు చేస్తుంది. బావకి కూడా వద్దు. ఇకమీదట డ్రైవరుతో ఏమీ పంపను. పని ఎక్కువగా ఉంది, ఫోను ఎత్తకపోతే కంగారుపడకు.

అంతా బాగానే ఉంది.

చిన్నది

*

ముందుగది

చిన్నదానికి,

దీవెనలు తర్వాత.

ఫోను చేశాను, ఎత్తలేదు. బావ చేత చేయించాను, ఎత్తలేదు. అందుకని ఈ కాగితం మీ డ్రైవరు చేతికిచ్చి, జవాబు లేకుండా నా గుమ్మం తొక్కవద్దని చెప్పాను. పాపం, పెద్దమనిషి బెదిరిపోయాడు.

నా ఉద్యోగమంతా సెలవు చీటీలు చదివాను. జలుబు అని రాసిన చీటీల్లో నిజంగా జలుబు ఉన్నవి ఎన్నో నాకు తెలుసు. పైగా, "అంతా బాగానే ఉంది" అని కాగితం మీద రాయడానికి నీకు సిగ్గేస్తుందనుకున్నాను. రాశావు.

నీ ఉత్తరం ఇవాళ పొద్దున అందింది. నిన్న సాయంత్రం కూడా మీ అక్క ఒక గిన్నెడు తింది. నేనే పెట్టాను.

దాన్ని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలా? ముందు ఈ మాట చెప్పు. ఆ తర్వాత ఇంకో మాట. మీ అక్క తినకూడనిది వేరే ఇంట్లో కడుపుతో ఉన్న పిల్ల తినొచ్చా? అది ఎవరి చెల్లెలు ఉత్తరం రాస్తే మానాలి?

పారెయ్యమన్నావు, పారెయ్యలేదు. మూత తియ్యని డబ్బా ఒకటి ఉంది. దాన్ని సంచిలో కట్టి, నువ్వు పంపిన తారీఖు రాసి, ఫ్రీజరు అడుగు అరలో పెట్టాను. అక్కకి ఇంకా ఏమీ చెప్పలేదు. "ఏంటమ్మమ్మా, ముఖం అలా పెట్టావ్" అంది. లెక్క కుదరడం లేదన్నాను.

అమ్మమ్మ

*

ఫ్యాక్టరీ గేటు దగ్గర, డ్రైవరు నిలబడి ఉండగా

అమ్మమ్మా,

తీసుకెళ్ళు. ఇవాళే. 'లిస్టీరియా అనుమానం ఉన్న ఐస్‌క్రీమ్ తిన్నది' అని సరిగ్గా ఈ మాటలతోనే చెప్పు. జ్వరం ఉందా, ఒళ్ళునొప్పులున్నాయా అని అడుగుతారు. తల్లికి మామూలు జ్వరంలా వచ్చి పోతుంది. లోపల బిడ్డకి అలా పోదు. అనవసరమని దాటేసిన 'మిగతా సంగతులు' ఇవే. అక్కకి డబ్బాలు పంపుతూ, ఆ మాట రాయడానికి చెయ్యి రాలేదు.

ఐస్‌క్రీమ్‌లో ఉందో లేదో తెలియదు. మిషను దగ్గర ఉంది.

నీ గురువారం ఉత్తరం చదివిన మర్నాడు, మిషను నడుస్తుండగా మధ్యాహ్నం వెళ్ళి నిలబడ్డాను. డబ్బాలని ముందుకి తోసే బెల్టు కింద రోలర్లుంటాయి. లోపల బోలు. ఒకదాని చివర సన్నని పగులు ఉంది. కడిగినప్పుడు నీళ్ళు ఆ పగుల్లోంచి లోపలికి పోతాయి. పైన తుడిస్తే తళతళలాడుతుంది. మిషను కొన్ని గంటలు తిరిగి వేడెక్కాక ఆ నీళ్ళు బొట్టు బొట్టుగా బయటికొచ్చి చుట్టూ చిమ్ముతాయి. మూత పడని డబ్బాలు వెళ్ళేది దానికి జానెడు పైనే. ఆ బొట్టుని తుడిచి పంపాను. లిస్టీరియా అని వచ్చింది.

ఎవరికీ చెప్పలేదు. సొంతంగా చేసిన ప్రయోగమని దాన్ని లెక్కలో చూపలేదు. ఇంకో వారంలో మూడు నెలలు నిండుతాయి. బాబాయ్ చొక్కా ఇస్త్రీ మడత విప్పకుండా లాకర్లో ఉంది. ఇదివరకు దొరికిన తొమ్మిది, పది చోట్లు ఎక్కడికీ పోలేదమ్మమ్మా. సున్నా కావాలనుకున్నాను, సున్నా వచ్చే వేళ చూసుకుని తుడిపించాను. ఎవరూ నన్ను బలవంతపెట్టలేదు.

నన్ను తిట్టు. కానీ ఏం చెయ్యాలో చెప్పు.

చిన్నది

*

ముందుగది

చిన్నదానికి,

తిట్టే తీరిక లేదు. డాక్టరు దగ్గరికి వెళ్ళి వచ్చాం. నువ్వు చెప్పిన మాటలతోనే చెప్పాను. అక్కకి దారిలో అంతా చెప్పాను. దాని దగ్గర దాచితే నీకూ నాకూ తేడా ఉండదు. జ్వరం లేదు. రక్తం తీసి చూడమని నేనే అడిగాను. "జ్వరం లేకుండా తీస్తే అది మనకి చెప్పేదేమీ ఉండదు పెద్దమ్మా" అంది డాక్టరమ్మ. తిన్న రెండు నెలలకి కూడా బయటపడొచ్చట. రోజూ పొద్దునా సాయంత్రం థర్మామీటరు పెట్టి చూడాలి, ఒళ్ళు కాస్త వెచ్చబడినా ఆ గంటలోనే రావాలి. ఇదీ ఆమె చెప్పింది. అంటే రెండు నెలలు మనకి నిద్ర లేదు.

మీ అక్క మాట యథాతథంగా రాస్తున్నాను. "దాని మీద నాకు కోపం లేదని అబద్ధం చెప్పను. ఫోను మాత్రం ఎత్తమను."

ఇక నీ సంగతి. ఈ ఉత్తరం నువ్వు చదువుతున్నప్పుడు ఆ రోలరు తిరుగుతోందా, ఆగిందా? తిరుగుతుంటే చదవడం ఆపి లేచి వెళ్ళు. మిగతాది వచ్చాక చదువుకో.

రేపు సాయంత్రంలోగా నువ్వు మేనేజరుకి చెప్పాలి. చెప్పకపోతే ఎల్లుండి పొద్దున సంచిలో కట్టిన డబ్బాతో నేనే మీ గేటు దగ్గర దిగుతాను. నా మోకాళ్ళ నొప్పి మీద ఆశ పెట్టుకోకు.

చెప్పాక మళ్ళీ లక్ష్యాలు రాయమంటారు. వెతికేవాళ్ళకి దొరకలేదన్నందుకు బహుమతి పెడితే ఎవరు వెతుకుతారు? కాపలావాడికి దొంగ దొరకని ప్రతిరోజుకీ సెలవిస్తే కళ్ళు మూసుకుని కూర్చుంటాడు. ఏది పెరగాలి, ఏది తగ్గాలి, ఎక్కడ ఒక్కటి కూడా ఉండకూడదు అన్నవి విడివిడిగా రాయి. నువ్వు మూడూ కలిపి ఒకే సున్నా పెట్టావు.

అమ్మమ్మ

*

ఫ్యాక్టరీ, ల్యాబు పక్క గది

అమ్మమ్మకి నమస్కారాలు.

నీ ఉత్తరం సగంలో ఆపి లేచాను. మిగతా సగం మర్నాడు చదివాను.

మేనేజరు గారు విని పెన్నుకి మూత పెట్టేశారు. "బోర్డు మీద అంకె చెరిపితే పైవాళ్ళకి ఏం చెప్పమంటావ్?" అన్నారు.

"అంకె అబద్ధమని చెప్పండి సార్."

"ఎవరి అబద్ధం?"

"నాదే. తుడిచే వేళ నేను మార్చాను."

"సంతకం పెట్టింది నేను" అని ఆయనే లేచి మిషను ఆపించారు. నన్ను ఉద్యోగంలో ఉంచుతారో లేదో అప్పటికి తెలియదు. ఇప్పటికీ పూర్తిగా తెలియదు, కానీ పని చెయ్యనిస్తున్నారు. కోల్డ్ స్టోరులో సరుకు ఎక్కడిదక్కడ ఆపేశారు. బయటికి వెళ్ళినదాన్ని వెనక్కి రప్పిస్తున్నారు, పేపర్లో ప్రకటన కూడా ఇచ్చారు. ఆపిన సరుకులో ఒక రోజుది పరీక్షలో పట్టుబడింది, అమ్మమ్మా. ఆ మర్నాడే లారీ ఎక్కాల్సింది.

నువ్వు డ్రైవరు చేత పంపిన డబ్బా కూడా పరీక్ష చేయించాను. అందులో ఏమీ లేదు. అక్క తిన్న డబ్బాల సంగతి మాత్రం ఎవరూ చెప్పలేరు.

బోర్డు మీద లెక్క అందరూ చూస్తుండగా నేనే చెరిపాను. గొట్టం బాబాయ్ వచ్చి, "నోటికాడ కూడు లాగేశావు కదమ్మా దూదిపుల్లమ్మా" అన్నాడు. నాలుగు రోజులు మాట్లాడలేదు. మనవడి పోటీలకి సొంత సెలవు పెట్టుకుని వెళ్ళొచ్చాడు. కుర్రాడు పరుగులో ఆఖరున వచ్చాడట.

కొత్త లక్ష్యాలు రాసిచ్చాను. తిండికి తగిలే చోట ఒక్కటి కూడా ఉండకూడదన్న మాట అలాగే ఉంది. నేలకీ కాలువలకీ రోలర్లకీ ఇక సున్నా లేదు. అక్కడ ఎన్ని కొత్త చోట్లు వెతికామన్నది పెరగాలి. దొరికిన రోజు నుంచి దాని మూలం పట్టుకునేదాకా పట్టే కాలం తగ్గాలి. బాగుచేసిన చోట మళ్ళీ దొరికితే నేను సంజాయిషీ ఇవ్వాలి. తుడిచేది మిషను వేడెక్కాకే. నీ గోళ్ళ సంగతి చెప్పాక, ఆ వేళ తీసేవాటికి ఇక్కడ 'గురువారం పుల్లలు' అని పేరు పడింది, సోమవారం తీసినా అదే పేరు. చోటు చూపించినవాళ్ళకి సెలవు. బాబాయ్ విని, "దొంగని పట్టిస్తే బహుమతి సరే, మా ఇంట్లో దొంగని మేమే పట్టియ్యాలంటావు" అన్నాడు. అని, మర్నాడు ట్రాలీ చక్రం ఊడదీసి తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. "ఇందులో తుడువు."

ఈ నెల పదకొండు చోట్ల దొరికింది. అంత పెద్ద అంకె ఎప్పుడూ రాలేదు. ఉన్నది ఉన్నట్టే రాసిచ్చాను.

అక్కకి రోజూ ఫోను చేస్తున్నాను. "నాకు జ్వరం లేదు, నీకుందేమో చూసుకో" అంటోంది. పొద్దున ఫోను మోగితే చాలు, పరుగెత్తుకెళ్ళి ఎత్తుతున్నాను.

నీ చిన్నది

*

ఆసుపత్రి వరండా, బెంచీ మీద

చిరంజీవి చిన్నదానికి అమ్మమ్మ దీవెనలు.

మొన్న మధ్యాహ్నం మీ అక్కకి ఆడపిల్ల పుట్టింది. అది ఫోన్లో బావ చెప్పాడు, నువ్వు ఏడ్చావు, ఆయనా ఏడ్చాడు. చెప్పనిది నేను రాస్తున్నాను.

పాప పుట్టగానే ఏడ్చింది. ఆ ఏడుపు విని మేం నవ్వుకునేలోపే నర్సు ఒక దూదిపుల్ల పట్టుకుని వచ్చింది. అచ్చం నీది లాంటిదే. మన సంగతి కాగితాల్లో రాసి ఉంది కాబట్టి చూడాలంది. పాపని తుడిచి సీసాలో పెట్టి తీసుకెళ్ళిపోయింది. జవాబుకి రెండు రోజులన్నారు. మీ అక్క పాపని ఒళ్ళో పెట్టుకుని మాటిమాటికీ నుదురు తాకి చూసింది. బావ వరండాలో ఇటు నుంచి అటు తిరిగాడు. నేను థర్మామీటరు చేతిలో పట్టుకుని నిలబడ్డాను. వాళ్ళ దగ్గర థర్మామీటర్లు ఉంటాయని నాకు తెలుసు.

ఇవాళ సాయంత్రం జవాబు వచ్చింది. ఏమీ లేదు. బావ దణ్ణం పెట్టేశాడు. నాకు అంత తొందరగా నమ్మబుద్ధి కాలేదు. ఆ నర్సుని ఆపి, "ఎక్కడెక్కడ తుడిచావమ్మా? స్నానానికి ముందా, తర్వాతా?" అని అడిగాను.

నర్సు నన్ను ఎగాదిగా చూసింది. తర్వాత వేలితో చూపిస్తూ చెప్పింది. "చెవి లోపల, బొడ్డు దగ్గర, మడతల్లో. స్నానానికి ముందే బామ్మగారూ. కడిగేశాక తుడిస్తే ఏం తెలుస్తుంది?"

అప్పుడు బెంచీ మీద కూర్చున్నాను.

పాపకి నీ ముక్కు వచ్చింది. వచ్చి చూసుకో. చేతులు కడుక్కుని రా.

అమ్మమ్మ